రాలేదు

కేబుల్ బిల్లు నూట నలభై డాలర్లు దాటిన నెల
మా అమ్మమ్మ ఐలీ ఆ పెట్టెను ఊడబీకి
పచారీ సంచిలో వేసుకెళ్ళి
కంపెనీ కౌంటర్ మీద పెట్టి వచ్చింది.
మూడు వారాలు ఇంట్లో
గోడ గడియారమే వార్తలు చదివింది.

రెయినోకి నేనే చెప్పాను.
అమ్మమ్మకు అన్న. ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు,
వాళ్ళ నాన్న చేపల పడవను
అడక్కుండా అమ్మేసినప్పటి నుంచి.
శనివారం పొద్దున్నే ట్రక్కు వెనక యాంటెన్నాతో దిగాడు.
కూలగొట్టిన బడి కప్పు మీదిదట.
ఎవరో తినేసి పారేసిన పెద్ద చేప ముల్లులా ఉంది.
అమ్మమ్మ కిటికీలోంచి చూసి,
"పడవ అమ్ముకుని ముల్లు తెచ్చాడు" అంది.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి కప్పు మీద,
నడుముకు తాడు, తాడు పొగగొట్టానికి.
నేను నిచ్చెన మొదట్లో.
అమ్మమ్మ లోపల, టీవీ ముందు.
అరిస్తే వినపడే దూరమే.
అయినా మాటలన్నీ నా మీదుగానే పోవాలి.

వచ్చిందా అని అడుగు.
        వచ్చిందా?
రాలేదని చెప్పు.
        రాలేదట.
క్లీవ్‌లాండ్ ఎటుందో ఆ మహాతల్లికి తెలుసా అని అడుగు.
        కొంచెం ఆగమంటున్నాడు, అమ్మమ్మా.
పడవ నడిపినవాడు నన్నడుగుతాడేం దిక్కులు, అని చెప్పు.
        పడమరేనంటోంది.

తీగ పొడుగు పెరిగేకొద్దీ
సిగ్నల్ కొంత దారిలోనే పోతుందని
రెయినో తర్వాతెప్పుడో చెప్పాడు.
నాలో మాత్రం
తిట్లే పోయాయి.

మొదటి స్కాన్‌కి ఒకే ఒక్క ఛానల్, అదీ నల్లగా.
బోల్టు బిగించడానికి పదమూడో నంబరు స్పానర్ కావాలన్నాడు.
గరాజ్‌లో వెతికాను,
పెయింటు డబ్బాల వెనక, మంచు పారల కింద.
దొరికింది కూడా.
బయటికి రాబోతుంటే వినిపించింది:

వచ్చిందా?
రాలేదు!
ఇప్పుడో?
ముక్కలు ముక్కలుగా ఎవరిదో చెయ్యి!
ఇప్పుడు?
చెయ్యి కూడా పోయింది! వెనక్కి తిప్పు!
ఎటు?
సరస్సు వైపు! ఎప్పుడూ చెప్పాలా నీకు, సరస్సు వైపు!

స్పానర్ చేతిలో చల్లగా ఉంది.
నేను ఇంకాసేపు వెతికాను.

ముప్పై ఒక్క ఛానళ్ళు.
కుట్టుమిషన్లు అమ్మే ఒకామె,
ఎప్పటివో గుర్రాల సినిమాలు, ముగ్గురు బోధకులు.
తీగ ఇంట్లోకి దూరే చోట
రెయినో కిందికి ఒక వంపు పెట్టాడు.
వాన నీళ్ళు తీగ పట్టుకుని లోపలికి రాకుండా
అక్కడే కారిపోవాలట.
పిడుగు కోసం ఒక రాగి తీగ, నేలలోకి.
అమ్మమ్మ యాలకుల రొట్టె కోసింది. ఎవరికని చెప్పలేదు.
పెద్ద ముక్క ఉన్న వైపు పళ్ళెం
అతని వైపు తిరిగి ఉంది.

ఆ రాత్రి గాలి లేదు.
అష్టబులా రేవు అవతల సరస్సు కదలకుండా పడుకుంది.
పిలవని ఛానల్ ఒకటి
కెనడా ఒడ్డు నుంచి నీళ్ళ మీదుగా వచ్చి కూర్చుంది.
ఇరవై రెండు డిగ్రీలు అని చెప్పింది వాతావరణం అమ్మాయి.
"చలికి చచ్చిపోతారు పాపం" అంది అమ్మమ్మ.
"అవి వేరే డిగ్రీలు" అన్నాడు రెయినో.
"తెలుసులే" అంది,
శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుని.

జనవరిలో ముల్లు నిండా మంచు గడ్డకట్టింది.
తెర మీది మనుషులు గళ్ళు గళ్ళుగా విరిగిపోయారు.
అమ్మమ్మ ఫోన్ తీసి ఒక్క మాటే అంది:
"రాలేదు."
పావుగంటలో ట్రక్కు చప్పుడు.

మార్చిలో మంచు కరిగాక
మళ్ళీ ఫోన్ తీసింది.
"రాలేదు."

నేను టీవీ వైపు చూశాను.
కుట్టుమిషన్ల ఆమె
ఒక్క గీతైనా చెదరకుండా
సూదిలోకి దారం ఎక్కిస్తోంది.